మూడు బారల లోతున

మాఘంలో ఓ పదకొండు రోజులే
మా గంగకి కళ్ళు తేటపడతాయి.
మిగతా ఏడాదంతా ఋషికుల్య మోసుకొచ్చిన బురదే.
ఆ పదకొండు రోజుల కోసం
బరంపురం నుంచీ భువనేశ్వరం నుంచీ
టిక్కెట్టు కొనుక్కుని వస్తారు మనుషులు.

ఇవాళ నలుగురు.
అండమాన్లో ఆర్నెల్లు వల్లించిన పాఠం
ముందు ఒడియాలో, తర్వాత హిందీలో చెప్పాను:
పగడాలు ఉండవు, ముందే అనుకోండి.
సీసాలు నీళ్ళలో పడెయ్యొద్దు.
దేన్నీ తాకొద్దు, దేన్నీ పైకి తేవొద్దు.
తాబేలు ఎదురొస్తే దారి దానిది.
కింద ఏ భాషా లేదు, చేతులే.
చూపుడువేలూ బొటనవేలూ సున్నా చుడితే బాగున్నట్టు.
బొటనవేలు ఒక్కటే ఎత్తితే
బాగుందని కాదు, పైకి పోదామని.
ఒక్కరెత్తినా అందరం లేవాలి.
ఎందుకని అడక్కూడదు.

ఫారెస్టు గార్డు బెహెరా
నావ అంచున కూర్చుని పేర్లు రాసుకుంటున్నాడు.
నా పేరు పక్కన, ఊరి గడిలో,
ఇప్పటికీ పాత నూకంపేట అనే రాస్తాడు.
ఆ ఊరి మీదే లంగరేసి ఉన్నాం.

పొద్దున్న బయల్దేరుతుంటే కొర్లమ్మవ్వ
కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.
"రెండేలిచ్చి మన ఈది సూత్తారేటే?
ఈది ఉన్నన్నాళ్ళూ ఒక్కడు రాలేదు.
రోడ్డు లేదని అంబులెన్సు కూడా రాలేదు."
కాసేపాగి, గొంతు తగ్గించి,
"రోలు బరువు గానీ
పొత్రమైనా తెచ్చీయే" అంది.

వెనక్కి వాలి పడ్డాం.
చెవులు రెండూ టప్పుమన్నాక
నా ఊపిరే నాకు వినపడుతూ పోయింది.

ముందుగా బోరింగు.
పిడి ఇంకా పైకే ఉంది,
ఎవరో కొడుతూ కొడుతూ పిలిస్తే వెళ్ళినట్టు.
మూతి నిండా గుల్లలు.
ఇక్కడే నీళ్ళ వంతు దగ్గర
మా అమ్మా సూరాడ నీలమ్మా జుట్లు పట్టుకున్నారు.
ఇప్పుడెవరి వంతూ లేదు,
ఇన్ని నీళ్ళు.

రేషను కొట్టు మెట్లు మూడు. నాలుగోది ఇసకలో.
లైటు వేసి చూపిస్తే
బ్యాంకు సత్పథి గారు
అద్దాల వెనక పిల్లాడైపోయాడు.

ఎడంపక్క నాలుగో గడప.
ఆ లెక్క నాకొక్కదానికే.
గోడల్లేవు. గడప ఉంది. రోలుంది.
రోటి గుంటలో నల్లటి బొంతు చేప,
మొప్పలు తప్ప ఏదీ కదపకుండా.
పొత్రం పక్కకి ఒరిగి
చెయ్యి చాపితే అందేంత దూరంలో.

నేను చెప్పిన రూలే
నా మణికట్టు పట్టుకుంది.
గాలి ముల్లు చూశాను, నూట పది. ఇంకా ఉంది.
తాకితే ఏమవుతుంది,
చేపకి తప్ప ఎవరికి తెలుస్తుంది
అనుకుంటూనే వెనక్కి తిరిగాను.

సత్పథి గారు, సంతోషం పట్టలేక,
బొటనవేలు ఎత్తి ఉన్నారు.

ఎందుకని అడక్కూడదు.
లేచాం.

నావలో మాస్కు లాక్కుంటూ ఆయనే అన్నాడు
"అయ్యయ్యో, నేనన్నది బాగుందని!"
నవ్వాను, ఏం చేస్తాను.
బెహెరా పైకొచ్చిన టైము రాసుకున్నాడు.

సాయంత్రం సూట్లన్నీ మంచినీళ్ళలో జాడించాలి.
బిందె పది రూపాయలు.
అవ్వ పోస్తూ లెక్క పెడుతోంది.
ఆరో బిందె దగ్గర, నా వైపు చూడకుండా,
"రోలు కాడికెల్లావా?"

ఎల్లానవ్వా.
అందులో బొంతు చేపొకటి కాపరం పెట్టింది.

అవ్వ బిందె దించింది.
తడి చెయ్యి చీరకి తుడుచుకుంది.
"ఉండనీ పాపం.
అద్దె అడక్కు."